గ్రహణంలో దాగిన కోట

పాఠ్యభాగ నేపథ్యం

కథ అనగానే మనకు పుస్తకమో, రంగస్థలమో, వెండితెరో స్ఫురిస్తుంది. అరచేతిలో ఇమిడే యంత్రం మీద వేళ్లతో నడిపే వీడియో ఆటను ఒక కథారూపంగా స్వీకరించి పరిశీలించిన వ్యాసం ఇది. జపాను దేశానికి చెందిన కొనామి సంస్థ 2003 మే నెలలో గేమ్‌బాయ్ అడ్వాన్స్ యంత్రం కోసం విడుదల చేసిన ‘క్యాసిల్‌వేనియా: ఆరియా ఆఫ్ సారో’ ఇందులోని వస్తువు. ఈ ఆటను ఎన్నడూ చూడని విద్యార్థులు సైతం కథానిర్మాణ దృష్టితో దీనిని చదువుకోవచ్చు.

పాఠం

ఐర్లాండు రచయిత బ్రామ్ స్టోకర్ 1897లో ‘డ్రాకులా’ నవలను వెలువరించాడు. న్యాయవాద వృత్తిలో ఉన్న ఒక ఆంగ్ల యువకుడు పనిమీద ట్రాన్సిల్వేనియా కొండలలోని ఒక కోటకు వెళతాడు. అతిథిగా అడుగుపెట్టినవాడు క్రమంగా తాను బందీనని గ్రహిస్తాడు. ఆ కోట యజమాని రక్తపానంతో చిరంజీవి అయినవాడు. ఈ నవల తరువాత కోట అనేది కేవలం కట్టడంగా మిగలలేదు; భయానక రసానికి ఆలంబనమై నాటకాలలోనూ చలనచిత్రాలలోనూ స్థిరపడిపోయింది.

1986లో కొనామి సంస్థ ఆ కోటను వీడియో ఆటలోకి తెచ్చింది. జపానులో దాని పేరు ‘అకుమాజో డ్రాకులా’. అకుమాజో అంటే దయ్యాల కోట. పాశ్చాత్య దేశాలలో అదే ‘క్యాసిల్‌వేనియా’ అయింది. బెల్మాంట్ వంశానికి చెందిన వీరుడు కొరడా చేతబట్టి ఒక్కొక్క అంకాన్ని దాటుతూ చివరికి డ్రాకులాను ఎదుర్కోవడం తొలి ఆటల పద్ధతి. 1997లో వచ్చిన ‘సింఫనీ ఆఫ్ ది నైట్’ ఆ వరుసను భంగపరచింది. అంకాలు పోయి కోట అంతా అఖండమైన ఒకే ప్రదేశమైంది. వెళ్లిన దారినే తిరిగి రావచ్చు. నిన్న తెరుచుకోని ద్వారం రేపు కొత్త శక్తి చేకూరాక తెరుచుకోవచ్చు. పోరాడిన కొద్దీ అనుభవాంకాలు పెరిగి పాత్ర బలపడుతుంది. యాక్షన్ ఆటకూ రోల్‌ప్లేయింగ్ ఆటకూ ఇలా పొత్తు కుదిరింది. ఆ ఆట రూపకల్పనలో పాలుపంచుకున్న కోజి ఇగరాషి తరువాతి కాలంలో నిర్మాతగా ఈ పద్ధతిని చేతి యంత్రాలలోకి తీసుకువచ్చాడు.

చేతి యంత్రంలో ఇంత పెద్ద కోటను కట్టడం సులభసాధ్యం కాదు. గేమ్‌బాయ్ అడ్వాన్స్ తెర అడ్డంగా 240, నిలువుగా 160 బిందువుల ప్రమాణం కలది. 2001లో ఆ యంత్రం వచ్చినప్పుడు తెరకు సొంత వెలుగు లేదు. దీపం కిందనో ఎండ వెలుతురులోనో కూర్చొని చూడవలసిందే. అదే సంవత్సరం వచ్చిన ‘సర్కిల్ ఆఫ్ ది మూన్’లో కోట చీకటి, తెర చీకటి కలిసిపోయి వీరుడెక్కడో, శత్రువెక్కడో కనిపించక ఆటగాళ్లు ఇబ్బందిపడ్డారు. 2002 నాటి ‘హార్మనీ ఆఫ్ డిసొనెన్స్’లో రంగులను ప్రకాశవంతం చేసి, కథానాయకుని చుట్టూ నీలపు అంచును గీశారు. కన్నుకు సుఖం కలిగింది గాని, చిత్రాలకు అధికంగా వ్యయం కావడంతో సంగీతం పేలవమైంది. మూడవదైన ‘ఆరియా ఆఫ్ సారో’లో ఈ రెంటికీ సమతూకం కుదిరింది. మిచిరు యమానె తదితరుల సంగీతం, అయామి కొజిమా పాత్రచిత్రణ ఆ అత్యల్ప సాధనాలలోనే ఒదిగి రాణించాయి. నియమం ఎంత బిగువైతే కవికి అంత నేర్పు అవసరమని ఛందస్సు చదువుకున్న మీకు వేరుగా చెప్పనక్కరలేదు.

ఇక కథ. కాలం 2035వ సంవత్సరం, స్థలం జపాను. కథానాయకుడు సోమా క్రూజ్ మీవంటి విద్యార్థి. తన నెచ్చెలి మినా హకుబా నివసించే దేవాలయానికి సూర్యగ్రహణం చూడడానికి మెట్లెక్కి వెళతాడు. ఇద్దరూ స్పృహ తప్పుతారు. కన్ను తెరిచేసరికి ఎదురుగా కోట. అది గ్రహణం లోపలనే దాగి ఉన్న డ్రాకులా కోట అని గెన్యా అరికాడో అనే వ్యక్తి తెలియజేస్తాడు. 1999లో జూలియస్ బెల్మాంట్ డ్రాకులాను సంహరించాడనీ, ఆ కోటను గ్రహణంలో బంధించారనీ పూర్వకథ. ఇక్కడ ఒక ముచ్చట చెప్పుకోవాలి. 2035 సెప్టెంబరు 2వ తేదీన జపాను మీదుగా సంపూర్ణ సూర్యగ్రహణం సంభవిస్తుందన్నది ఖగోళ గణితం నిర్ధారించిన విషయం. 1999 ఆగస్టు 11 నాటి సంపూర్ణ గ్రహణం సైతం స్టోకర్ కథాభూమి అయిన రొమేనియాలో గరిష్ఠ స్థాయిని అందుకొని, భారతదేశం మీదుగా సాగి బంగాళాఖాతంలో ముగిసింది. కల్పనకు పంచాంగం ఇంత చక్కగా తోడ్పడడం అరుదు.

కోటలో తొలి శత్రువును కూల్చగానే దాని ఆత్మ సోమాలో లీనమవుతుంది. తనకు ఇటువంటి శక్తి ఉన్నదని అతనికి అంతవరకు తెలియదు. ఆట నిర్మాణమంతా ఈ ఆత్మసంగ్రహణం మీదనే నిలిచింది. ఎర్రని ఆత్మలు ఆయుధాలవలె శత్రువులపై ప్రయోగించడానికి. నీలివి మీట నొక్కి ఉంచినంతసేపు తోడ్పడడానికి. పసుపువి ధరించినంత కాలం బలమో తెలివో పెంచడానికి. నాలుగవ రకం ఒకసారి లభిస్తే శాశ్వతంగా నిలిచే సామర్థ్యం. మాల్ఫాస్ ఆత్మ దొరికితే గాలిలో రెండవసారి ఎగరవచ్చు. అన్‌డైన్ ఆత్మ దొరికితే నీటిపై నడవవచ్చు. నిన్నటిదాకా అడ్డుగా ఉన్న కొలను నేడు దారి అవుతుంది. కోటలో ద్వారాలకు తాళపుచెవులు రాక్షసులే అన్నమాట! ఆత్మలు వందకు పైగా ఉన్నాయి. రెండు యంత్రాలను తీగతో కలిపి మిత్రులు వాటిని మార్చుకోవచ్చు కూడా. అయితే ప్రతి సంహారానికీ ఆత్మ లభించదు. అరుదైన ఆత్మకోసం ఒకే గదిలోకి పదేపదే వెళ్లి, ఒకే అస్థిపంజరాన్ని ఎన్నోసార్లు పడగొట్టవలసిన సందర్భాలున్నాయి. ఆ భాగం విసుగు పుట్టిస్తుందనక తప్పదు.

కోటలో మరికొందరు తారసపడతారు. వారిలో గ్రాహం జోన్స్ ముఖ్యుడు. డ్రాకులా మరణించిన రోజుననే పుట్టిన ఇతడు ఆ శక్తికి తానే వారసుడనని నమ్ముతాడు. గతాన్ని మరచిపోయి ‘జే’ అనే పొడి అక్షరంతో తిరిగే మరొకడు చివరికి తాను జూలియస్ బెల్మాంట్‌నని గుర్తు తెచ్చుకుంటాడు. అరికాడో అనే పేరులో అలుకార్డ్ దాగి ఉన్నాడు. ఆంగ్ల లిపిలో ఆ పేరును తిరగవేసి చదివితే డ్రాకులా. ఈ తిరగవేత 1943 నాటి ‘సన్ ఆఫ్ డ్రాకులా’ చిత్రంలోనే ఉన్నది. పింగళి సూరన ‘కళాపూర్ణోదయం’లో మొదటినుండి చదివితే తెలుగు, చివరినుండి చదివితే సంస్కృతం అయ్యే పద్యం గురించి విన్నవారికి ఈ అక్షరక్రీడ వింతగా తోచదు. తండ్రి పేరును తలకిందులు చేసుకున్న కొడుకు ఆ తండ్రి మార్గానికి ఎదురు నిలిచినవాడు.

ఆటలో అసలు మెలిక గ్రాహం వధ వద్ద ఉన్నది. అతడిని మామూలుగా జయిస్తే కథ అక్కడికక్కడే ముగుస్తుంది. చాలామంది అదే ముగింపు అనుకుంటారు. కాని కోటలో సంపాదించే మూడు ప్రాచీన గ్రంథాలలోని సంకేతాలను విప్పి, జ్వాలా పిశాచం, మహాగబ్బిలం, మోహిని అనదగిన సక్యుబస్ అనే మూడింటి ఆత్మలను ధరించి అతడిని జయిస్తే, సోమాకు సత్యం స్ఫురిస్తుంది. డ్రాకులా పునర్జన్మ గ్రాహం కాదు, తానే. కోరి అర్రులు చాచినవానికి దక్కని పదవి, కోరనివాని నెత్తిన పడింది.

ఈ ఘట్టం వద్ద ఆటగాడు ఒకసారి వెనుదిరిగి చూసుకోక తప్పదు. ఇంతవరకు అతడు ఉత్సాహంతో చేసినదేమిటి? రాక్షసుల ఆత్మలను ఒక్కొక్కటిగా తనలో కలుపుకున్నాడు. ప్రతిదానికీ సంతోషించాడు, ఇంకా కావాలనుకున్నాడు. రాక్షసగణాలపై ఆధిపత్యం ఎవరి లక్షణం? డ్రాకులాదే. నవలలో పాఠకుడు నాయకుని పొరపాటును ఒడ్డున నిలిచి చూస్తాడు. ఇక్కడ ప్రతి మీటా నొక్కింది పాఠకుడే. జయవిజయులు శాపవశాన అసురులై పుట్టిన వృత్తాంతం భాగవతంలో మనకు తెలుసు. అక్కడ విముక్తి విష్ణువు చేతిలో ఉన్నది. ఇక్కడ జన్మ నిర్ణయమైపోయినా కర్మ మాత్రం సోమా చేతిలోనే ఉన్నది.

సత్యం తెలిసిన సోమా జూలియస్‌తో తలపడవలసి వస్తుంది. ఆ పోరు ముగిశాక అతడు ఒక వాగ్దానం కోరుతాడు. తాను చీకటికి లొంగి డ్రాకులానైతే తనను చంపమని. మీ ఈడు విద్యార్థి నోట ఆ మాట వినడం కష్టంగా ఉంటుంది. అనంతరం కోట శక్తికి మూలమైన ‘కేయాస్’ను జయిస్తే గ్రహణం విడుస్తుంది, సోమా మినాను చేరుకుంటాడు. వేరొక ముగింపులో అతడు ఆ చీకటికే వశుడై కొత్త డ్రాకులా అవుతాడు. ఇచ్చిన మాట నెరవేర్చడానికి జూలియస్ అతని ఎదుటికి వస్తాడు. మూడు ముగింపులలో దేనిని రచయితలు అసలుదిగా భావించారో 2005లో వచ్చిన ‘డాన్ ఆఫ్ సారో’ స్పష్టం చేసింది. అందులో సోమా మనిషిగానే కొనసాగుతాడు.

సంభాషణలు క్లుప్తంగా, ఒక్కొక్కచోట మరీ పొడిగా ఉండడం ఈ ఆటలోని లోపం. మినా పాత్ర కోట ద్వారం వద్దనే నిలిచిపోయింది. అంత లోతైన కథకు ఇంకొంచెం మాట తోడై ఉంటే బాగుండేది. 2021లో ఈ ఆటను మిగిలిన గేమ్‌బాయ్ అడ్వాన్స్ ఆటలతో కలిపి కొత్త యంత్రాల కోసం తిరిగి విడుదల చేశారు.

కఠిన పదాలకు అర్థాలు

ఆలంబనము = ఆధారం; అఖండము = ఖండాలు లేనిది; పేలవము = పస లేనిది; అర్రులు చాచు = మిక్కిలి ఆశపడు; నెచ్చెలి = ప్రియమైన స్నేహితురాలు.

సంధులు: అత్యల్పం = అతి + అల్పం (యణాదేశ సంధి); పునర్జన్మ = పునః + జన్మ (విసర్గ సంధి).

ప్రశ్నలు

1. సోమాకు తన పూర్వజన్మ తెలిసే తీరును వివరించి, గ్రాహం పాత్రతో పోల్చండి.
2. చేతి యంత్రం పరిమితులు ఈ వరుసలోని మూడు ఆటలను ఏ విధంగా ప్రభావితం చేశాయి?
3. సోమా జూలియస్‌ను కోరిన వాగ్దానం సమంజసమేనా? మీ అభిప్రాయాన్ని కారణాలతో రాయండి.