ఆక్స్‌గాడ్బీలో ఒక వేసవి: ఒక ఆంగ్ల నవలా పరిశీలన

యుద్ధభూమిలో ప్రాణములర్పించిన వీరుని గూర్చి కవులు విరివిగా వ్రాసినారు. ప్రాణములతో తిరిగివచ్చిన వాని గూర్చి వ్రాసినవారు తక్కువ. వానికి ప్రభుత్వము పతకమీయవచ్చును, పింఛను ఈయవచ్చును. కాని రాత్రివేళ నిద్రను ఎవరీయగలరు? ఒకరిని ప్రేమింపగల మనస్సును తిరిగి ఎవరు తెచ్చియీయగలరు? ఈ ప్రశ్నలను మనస్సులో నుంచుకొని జె. ఎల్. కార్ రచించిన ‘ఎ మంత్ ఇన్ ది కంట్రీ’ అను చిన్న నవలను మన విద్యార్థులకు పరిచయము చేయదలచినాము. కార్ మహాశయుడు వృత్తిచే ఉపాధ్యాయుడు, ఒక పాఠశాలకు ప్రధానోపాధ్యాయుడుగా పనిచేసినవాడు. ఈ నవల 1980లో వెలువడి, ఆ సంవత్సరమే బుకర్ బహుమతి తుది జాబితాలో చేరినది. 1987లో చలనచిత్రముగా కూడ వచ్చినది.

కథాకాలము 1920 వేసవి. కథాస్థలము ఇంగ్లండు ఉత్తర ప్రాంతమగు యార్క్‌షైరులోని ఆక్స్‌గాడ్బీ అను కల్పిత గ్రామము. టామ్ బర్కిన్ అను యువకుడు కుండపోత వర్షములో అక్కడి రైల్వేస్టేషనులో దిగును. 1917లో పాషెన్‌డేల్ బురదలో పోరాడి వచ్చినవాడు. ముఖము ఒకవైపు అదరుచుండును, మాట తడబడుచుండును. భార్య విడిచిపోయినది. చేతిలో డబ్బు లేదు. ఉన్నదొక్కటే, చేతిపని: పాత చర్చి గోడలపై సున్నము క్రింద కప్పబడిన చిత్రములను వెలికితీయు పని. గంటలు వ్రేలాడు గోపురపు గదిలోనే పడక.

ఈ పనిని గూర్చి కొంచెము వివరింపవలెను. మధ్యయుగములలో ఇంగ్లండు చర్చిలలో, గర్భాలయ ద్వారపు కమాను మీద, అంతిమ తీర్పు దృశ్యమును చిత్రించుట ఆచారము. పదునారవ శతాబ్దపు మతసంస్కరణ కాలమున వానిలో అనేకములపై సున్నము పూసివేసినారు. ఆ సున్నమును అంగుళము అంగుళముగా, క్రింది రంగు చెదరకుండ తొలగింపవలెను. తొందర పనికిరాదు. చేయి వణికినచో అయిదువందల ఏండ్ల నాటి ముఖమొకటి శాశ్వతముగా పోవును. వణకు రోగముతో వచ్చినవానికి రచయిత ఇట్టి పనినే అప్పగించుట యాదృచ్ఛికము కాదని మా అభిప్రాయము. ఏ వైద్యుడును కనిపింపడు. ఔషధము పేరైనను లేదు. దినములు గడచిన కొలది గోడపై మనుష్యులు బయటపడుచుందురు, ముఖపు అదురు తగ్గుచుండును. స్టేషను మాస్టరు కుటుంబము భోజనమునకు పిలుచును. వారి కుమార్తె కేథీ గ్రామఫోను మోసికొనివచ్చి, క్రింద కూర్చుండి పాటలు వినిపించును.

చర్చి ఆవరణ ప్రక్క మైదానములో గుడారము వేసికొన్న మూన్ కూడ మాజీ సైనికుడే. అతనికి అప్పగించిన పని పైర్స్ హెబ్రాన్ అను పూర్వికుని సమాధిని వెదకుట. కందకములకు అలవాటుపడి, గుడారము క్రింద గొయ్యి త్రవ్వుకొని అందులో నిద్రించును. పురుషుని ప్రేమించిన కారణమున సైనిక న్యాయస్థానము ఇతనిని చెరసాలకు పంపినదని బర్కిన్‌కు తరువాత తెలియును. శౌర్యపతకము పొందిన వానికే ఈ శిక్ష! అది నేరమను చట్టము ఇంగ్లండులో 1967 వరకు నిలిచినది. మన దేశమున 2018లో సుప్రీంకోర్టు తీర్పుతో తొలగినది. సంగతి తెలిసిన తరువాత కూడ బర్కిన్ స్నేహమును తెంచుకొనలేదు. పెద్ద ఉపన్యాసములేవియు లేకుండ, ఇద్దరు శ్రామికులు కలిసి టీ త్రాగుటలోనే రచయిత దీనిని చూపినాడు.

మన కళాశాల పాఠకులకు ఆసక్తి కలిగించు విషయమొకటి ఇచ్చట కలదు. గోడచిత్రములో నరకమునకు పడిపోవుచున్న ఒక మనుష్యుని నుదుట నెలవంక వంటి మచ్చ కనిపించును. కడపట మూన్ సమాధిని కనుగొనగా, అస్థిపంజరము మెడలో గొలుసుకు నెలవంక వ్రేలాడుచుండును. పైర్స్ ఇస్లామును స్వీకరించినవాడు! అందుచేతనే చర్చి ఆవరణకు వెలుపల పాతిపెట్టినారు. అందుచేతనే చిత్రకారుడు వానిని నరకములో నిలిపినాడు. వెలివేయబడిన ఆ ప్రాచీనుని మరల వెలుగులోనికి తెచ్చినవారు, తమ కాలములో తామే గాయపడిన ఈ ఇద్దరు సైనికులు.

ఇక ప్రేమ సంగతి. ఆ ఊరి మతగురువు భార్య ఆలిస్ కీచ్ అప్పుడప్పుడు చర్చికి వచ్చి, క్రింద నిలచి, పైన పనిచేయువానితో ముచ్చటించును. ఒకనాడు గోపురపు కిటికీ వద్ద ఇరువురును మిక్కిలి సమీపముగా నిలుచుందురు. బర్కిన్ చేయి చాపలేదు, నోరు విప్పలేదు. ఆమె మెట్లు దిగి వెడలిపోవును. ఈ ఘట్టము చదివిన యువకులు అతనిని పిరికివాడందురు. ఆమెకు భర్త గలడు గనుక ధర్మమును నిలిపినాడని పెద్దలు మెచ్చుకొందురు. మాకు రెండును సరిగా తోచుట లేదు. ధర్మము కొరకు ఊరకున్నవాడు ఏబది ఏండ్లకు పైబడిన పిదప ఆ క్షణమును తలచి ఇంతగా బాధపడడు. పిరికితనమందుమా, పాషెన్‌డేల్‌లో నిలిచినవానిని అట్లనుట ఎట్లు? గాయము మానుచుండెనే గాని ఇంకను మానలేదు. సున్నమును తొలగించుటకు నేర్చిన చేయి, జీవించియున్న ముఖమును తాకుటకు ఇంకను నేర్వలేదు.

తరువాత ఒకనాడు అతడు మతగురువు ఇంటికి పోయి గంట మ్రోగించును. లోపల ఖాళీ గదులలో ఆ శబ్దము తిరుగాడును. దంపతులు ఊరు విడిచి వెళ్ళిపోయినారు. వేసవిలో ఆమె ఇచ్చిన రోజాపువ్వు మాత్రము, వాస్తుశిల్పమును గూర్చిన తన గ్రంథము పుటల మధ్య ఎండి, వృద్ధాప్యము వరకు అతనివద్దనే ఉన్నది.