చుక్కకు చుక్క కలవాలి

రుద్రంగి రాజన్న సిరిసిల్ల జిల్లాలో ఉంది. ఒక దిక్కు కోరుట్ల, ఇంకో దిక్కు వేములవాడ, సిరిసిల్ల. 2016కు ముందు ఈ ఊరు కరీంనగర్ జిల్లాలో ఉండేది. ఇక్కడ చాలా ఇండ్లలో మగవాళ్లు దుబాయి, మస్కట్, సౌదీ పోయి పని చేస్తారు. పొలం, పిల్లలు, అప్పులు ఆడవాళ్లు చూసుకుంటారు. ఇంట్లో ట్రాక్టరు ఉంటే దాని మంచిచెడ్డలు కూడా వాళ్లే చూడాలి.

అలాంటి ఇల్లు ఒకటి అనుకోండి. నాట్లు దగ్గర పడ్డాయి. పొలంలో నీళ్లు పెట్టారు. దున్నుదామంటే పాత ట్రాక్టరు మొరాయించింది. ఇంజను ముందు భాగంలో కరకరమని చప్పుడు. పొగ కూడా ఎక్కువ వస్తున్నది. మెకానిక్ వచ్చి ముందు మూత విప్పి చూశాడు.

"చెల్లె, టైమింగ్ గేర్లు అరిగినయ్. కంపెనీవి రావాలంటే నాలుగు రోజులు ఆగాలె. బయటివి అయితే కోరుట్లల ఇయ్యాల్నే దొరుకుతయ్. అగ్గువ కూడ" అన్నాడు.

"అన్నా, బయటివి మన ఇంజనుకు సరిగ్గ కూసుంటయా?" అని ఆమె అడిగింది.

"చూసి తెస్తే కూసుంటయ్. చూడకుంట తెస్తే ఇంజనే పోతది."

ఏం చూడాలి? అది తెలియాలంటే ఈ గేర్లు చేసే పని తెలియాలి.

ఒకే రోట్లో ఇద్దరు ఆడవాళ్లు దంచుతారు. ఒకరి రోకలి లేచినప్పుడు ఇంకొకరిది దిగుతుంది. ఒక్క పోటు తప్పితే రోకళ్లు కొట్టుకుంటాయి. ఇంజనులో కూడా ఇంతే. పిస్టన్ పైకి, కిందికి ఆడుతుంది. దాని పైన వాల్వులు ఉంటాయి. అవి చిన్న తలుపుల వంటివి. ఒక తలుపు తెరిస్తే గాలి లోపలికి వస్తుంది. ఇంకొకటి తెరిస్తే పొగ బయటికి పోతుంది. గాలిని గట్టిగా నొక్కినప్పుడు తలుపులు రెండూ మూసి ఉండాలి. సరిగ్గా ఆ సమయానికే పంపు నుంచి డీజిల్ పడాలి. ఎవరి వంతు ఎప్పుడు అనేది చెప్పేవి టైమింగ్ గేర్లు. టైమింగ్ అంటే సమయం కుదర్చడం.

పిస్టన్ ఆడితే తిరిగే కడ్డీని క్రాంకు అంటారు. వాల్వులను తెరిచే కడ్డీ క్యాము. క్రాంకు రెండు చుట్లు తిరిగితే క్యాము ఒక్క చుట్టు తిరగాలి. అందుకే క్యాము గేరుకు పళ్లు రెట్టింపు ఉంటాయి. చిన్నదానికి 28 పళ్లు ఉంటే పెద్దదానికి 56. ఇంజను నిమిషానికి 2000 చుట్లు తిరుగుతుంటే ఒక్కో వాల్వు నిమిషానికి 1000 సార్లు తెరిచి మూస్తుంది. చేతి గాజు అంత సందులో ఇంత పని!

28 పళ్లలో ఒక్క పన్ను పక్కకు పడితే ఏమవుతుంది? గడియారం మీద చూస్తే అది సుమారు 2 నిమిషాల జాగా. చూడటానికి తక్కువే. కానీ ఇంజను స్టార్టు కాదు. అయినా పొగ కక్కుతుంది, బలం ఉండదు. రెండు మూడు పళ్లు తప్పితే పిస్టన్ పోయి వాల్వుకు కొట్టుకోవచ్చు. వాల్వు వంగుతుంది. అప్పుడు గేర్ల ఖర్చు కాదు, ఇంజను మొత్తం విప్పే ఖర్చు మీద పడుతుంది.

మన ఊళ్లలో కనిపించే పాత ట్రాక్టర్లలో మాసీ ఫెర్గూసన్ 1035 ఒకటి. 1960లో మద్రాసులో మొదలైన టాఫే కంపెనీ దీన్ని చేసింది. ఇందులో సింప్సన్ ఇంజను ఉంటుంది. సిలిండర్లు మూడు. ఇలాంటి ఇంజనులో క్రాంకు గేరుకు, క్యాము గేరుకు నడుమ ఇంకో గేరు ఉంటుంది. డీజిల్ పంపుకు వేరే గేరు. అన్నీ ఒకదాని పళ్లు ఒకటి పట్టుకొని తిరుగుతాయి.

దుకాణానికి పోయేటప్పుడు పాత గేరును సంచిలో వేసుకొని పోవాలి. ఇది అన్నిటికన్నా ముఖ్యం. నోటి మాటతో సామాను తేవద్దు. కొత్తదాన్ని, పాతదాన్ని పక్కపక్కన పెట్టి పళ్లు లెక్కించాలి. ఒక పన్నుకు సున్నం బొట్టు పెట్టి అక్కడి నుంచి మొదలుపెడితే లెక్క తప్పదు. పళ్లు నేరుగా ఉన్నాయా, వాలుగా ఉన్నాయా? వాలు ఏ దిక్కు ఉంది? నడిమి రంధ్రం, బోల్టు రంధ్రాలు ఒకటేనా? గేరు మీద చిన్న చుక్క గానీ, గీత గానీ ఉందా? చుక్క లేని గేరు ఎంత అగ్గువకు ఇచ్చినా తీసుకోవద్దు. డబ్బా మీద తయారు చేసినవాళ్ల పేరు, సామాను నెంబరు, ధర ఉంటాయి. చదవండి. ఆ నెంబరు బిల్లు మీద రాయించండి. కుదరకపోతే మార్చి ఇవ్వమని అడగడానికి ఆ కాగితమే ఆధారం.

బయటి సామాను అంతా చెడ్డది కాదు. మంచివాళ్లు చేసింది ఏండ్ల తరబడి నడుస్తుంది. నకిలీ డబ్బాలో వచ్చిన మెత్తని ఇనుము మాత్రం త్వరగా అరుగుతుంది. ఒక్క గేరే మార్చుదామని కూడా అనిపిస్తుంది. కొత్త పళ్లు, అరిగిన పళ్లు కలిసి బాగా నడవవు. జోడీగా మార్చడమే మేలు.

గేర్లన్నీ ఇనుమువే అనుకోవద్దు. పాత పెట్రోలు జీపుల్లో క్యాము గేరు పళ్లు గుడ్డతో చేసినవి! గుడ్డ పొరలను ఒక రకం జిగురులో తడిపి, వేడి చేసి, గట్టిగా నొక్కి చేస్తారు. చప్పుడు తక్కువ. సిరిసిల్లలో గుడ్డ నేసేవాళ్లకు కూడా ఈ మాట వింతగానే ఉంటుంది. అవి అరిగితే కొందరు ఇనుప గేర్లు వేస్తారు. అవి గట్టివే, కానీ చప్పుడు చేస్తాయి.

ఇక బిగించే పని. మొదట బ్యాటరీ వైరు తీయాలి. దగ్గర నిలబడేవాళ్లు కొంగు నడుముకు చుట్టుకోవాలి. పాత గేర్లు తీయకముందే ఇంజనును చేతితో తిప్పి చుక్కలు ఎదురెదురు తేవాలి. సెల్‌ఫోనుతో ఒక ఫొటో తీసుకుంటే ఇంకా మంచిది. కొత్తవి బిగించాక ప్రతి జోడీలో చుక్కకు చుక్క కలిసిందో లేదో చూడాలి. మెకానిక్ చూస్తాడులే అని ఊరుకోవద్దు. రెండో జత కళ్లు చూస్తే నష్టం లేదు.

"అన్నా, పంపు గేరు చుక్క ఒక పన్ను కిందికి ఉన్నట్టు కొడుతుంది" అన్నది ఆమె.

మెకానిక్ వంగి చూశాడు. పానా కింద పెట్టి గేరును మళ్లీ తీశాడు.

చుక్కలు కలిశాక, స్టార్టు చేయకముందు, ఇంజనును చేతితో రెండు పూర్తి చుట్లు తిప్పాలి. ఎక్కడైనా తట్టుకుంటే బలం చేయవద్దు. తప్పు ఎక్కడుందో వెతకాలి. ఇలా తిప్పినాక చుక్కలు మళ్లీ ఎదురెదురు కనిపించవు. భయపడవద్దు. నడిమి గేరు ఉన్న ఇంజనులో చాలా చుట్లు తిరిగితే గానీ అవి మళ్లీ కలవవు. తర్వాత కొత్త ప్యాకింగ్ వేసి మూత బిగిస్తారు. ఆయిలు చూసి స్టార్టు చేస్తారు.

లెక్క చేయండి:

క్రాంకు గేరుకు 24 పళ్లు ఉన్నాయి. క్యాము గేరుకు ఎన్ని ఉండాలి?

దుకాణదారు 46 పళ్ల గేరు ఇచ్చాడు. తీసుకుంటారా? ఎందుకు?