ఎక్కడికి మోసికొని పోవుచున్నాము?

(సంఘ అధ్యయన పాఠము. వైకల్యము గలవారు, వారి జీవనోపాధి)

చదువవలసిన వేదభాగములు: మార్కు 2:1-12; అపొస్తలుల కార్యములు 3:1-10; 2 థెస్సలొనీకయులకు 3:6-12.

పాఠోద్దేశ్యము: మన సంఘములలో వైకల్యముతో జీవించుచున్న సహోదరీ సహోదరులకు కనికరము చూపుటతో ఆగిపోక, వారు తమ చేతులతో పని చేసికొని బ్రదుకుటకు ఏ సేవలున్నవో తెలిసికొని, వారిని అక్కడికి చేర్చుట.



పైన చెప్పిన మొదటి రెండు సంగతులను ప్రక్క ప్రక్కన పెట్టి చదువుదము. రెండింటిలోను నడువలేని మనిషి ఒకడున్నాడు. రెండింటిలోను అతనిని మోసినవారున్నారు. అపొస్తలుల కార్యములు 3లో మోసినవారు చెడ్డవారు కారు. ప్రతి దినము వచ్చి, ఎత్తుకొని, దేవాలయపు ద్వారము నొద్ద దించి పోయెడివారు. వారికి ఓపిక ఉన్నది, క్రమము ఉన్నది. అయితే వారు అతనిని మోసినది భిక్షమెత్తు స్థలమునకు. రేపు కూడ అక్కడికే, ఎల్లుండి కూడ అక్కడికే. అతని వయస్సు నలువది సంవత్సరములు దాటినదని 4:22 చెప్పుచున్నది. మార్కు 2లోని నలుగురు ఒక్కసారే మోసిరి. జనము అడ్డమైతే ఇంటి కప్పు విప్పిరి. అతడు లేచి తన పరుపెత్తుకొని నడిచిపోగల చోటికి అతనిని చేర్చిరి.

మన సంఘములను గూర్చి అడుగవలసిన ప్రశ్న ఇదే. మనము మోయుట లేదని ఎవరును అనలేరు. క్రిస్మసుకు బట్టలు, నెలకొక బియ్యపు సంచి, బీదల నిధి నుండి కొంత సొమ్ము ఇచ్చుచునే యున్నాము. అయితే ఎక్కడికి మోయుచున్నాము?

1. ముందు మన తలంపులు సరిచేసికొందము

వైకల్యము గల బిడ్డ పుట్టినప్పుడు ఎవరి పాపము అని అడుగుట క్రొత్త కాదు. యోహాను 9లో శిష్యులే అడిగిరి. ప్రభువు ఆ లెక్కను త్రోసివేసెను. ఆయన జవాబు విన్న మనము మన బిడ్డలను బంధువుల కంటబడకుండ ఇంటిలో దాచనక్కరలేదు.

రెండవ తలంపు, స్వస్థత వచ్చువరకు వేచియుండుట. స్వస్థత కొరకు ప్రార్థించుట మన విశ్వాసము. కాని ప్రార్థించుచు చదువు మాన్పించి, పని నేర్పించక ఇరువది సంవత్సరములు కూర్చుండబెట్టుట విశ్వాసము కాదు. తన శరీరములోని ముల్లు తొలగకపోయినను పౌలు పరిచర్య ఆపలేదు. యాకోబు కుంటుచునే తన దారిన సాగెను.

మూడవది, పని చేయనివానికి భోజనము తగదనిన పౌలు మాటను తప్పుగా ప్రయోగించుట. 2 థెస్సలొనీకయులకు 3:10ని జాగ్రత్తగా చదివినయెడల, అది పని చేయుటకు ఇష్టము లేనివానిని గూర్చిన మాట. పని చేయ గోరియు, ఎవరును పని ఇయ్యనివానిని గూర్చి కాదు. ఆ మాట అతనికి కాక, తలుపు మూసినవారికి తగులును.

2011 జనాభా లెక్కల ప్రకారము మన దేశములో వైకల్యము గలవారు సుమారు 2 కోట్ల 68 లక్షల మంది. వారిలో ఏదో ఒక పని చేయుచున్నవారు నూటికి 36 మంది మాత్రమే. పురుషులలో నూటికి 47, స్త్రీలలో నూటికి 23. పని లేని మిగిలినవారందరు పిల్లలును వృద్ధులును కారు. పని చేయగల వయస్సులో ఉండి, ఇంటిలో కూర్చున్నవారు అనేకులు.

2. వేలూరు నేర్పిన పాఠము

మన దేశములో క్రైస్తవ వైద్యులు ఈ సంగతిని తొలుతనే గ్రహించిరి. వేలూరు క్రైస్తవ వైద్య కళాశాలలో డాక్టరు పాల్ బ్రాండ్ కుష్ఠు రోగుల ముడుచుకొనిపోయిన చేతులను శస్త్రచికిత్సతో సరిచేయుచుండెను. వ్రేళ్లు తిన్నబడినవి. కాని రోగులు సంతోషముగా వెళ్లి విచారముగా తిరిగి వచ్చిరి. చేతులు బాగైనందున భిక్షము తగ్గినది, పాత రోగము పేరు వలన పని ఎవరును ఇచ్చుట లేదు. చెయ్యి బాగు చేయుట సగము పని మాత్రమేనని ఆయన తెలిసికొనెను. 1950ల ఆరంభములో అక్కడ నవజీవన కేంద్రము ఏర్పడి, బాగైన చేతులకు వడ్రంగము మొదలగు పనులు నేర్పిరి.

అదే ఆసుపత్రిలో పని చేసిన డాక్టరు మేరీ వర్గీసు 1954లో కారు ప్రమాదమున నడుము క్రింది భాగమంతయు చచ్చుబడి చక్రముల కుర్చీ పాలైనది. ఆమె లేచి నడువలేదు. అయినను ఆ కుర్చీలోనే కూర్చుండి కుష్ఠు రోగుల చేతులకు శస్త్రచికిత్సలు చేసినది. పిమ్మట అమెరికాలో పునరావాస వైద్యము చదివి వచ్చినది. 1966లో వేలూరులో ప్రారంభమైన పునరావాస సంస్థకు మూలస్తంభమైనది. ఆమెకు 1972లో పద్మశ్రీ లభించినది. ప్రార్థన వినబడలేదని ఆమెను చూచి అనగలమా? వినబడినది, కాని మనమనుకొన్న విధముగా కాదు.

మన బాప్టిస్టు చరిత్రయు దీనికి దూరము కాదు. యానామునకు సమీపమున నున్న రామచంద్రపురములో కెనడియన్ బాప్టిస్టు మిషనెరీలు 1900 ప్రాంతములో కుష్ఠు రోగులకు ఆశ్రయము కట్టిరి. లెప్రసీ మిషన్ వారు విజయనగరములోను, మహారాష్ట్రలోని నాసిక్‌లోను, తమిళనాడులోని వడతొరసలూరులోను వృత్తి శిక్షణ పాఠశాలలు నడిపిరి.

3. వృత్తి పునరావాస కేంద్రము అనగా ఏమి?

భారత ప్రభుత్వ కార్మిక శాఖ 1968లో బొంబాయి, హైదరాబాదు నగరములలో మొట్టమొదటి వృత్తి పునరావాస కేంద్రములను తెరచినది. క్రమముగా ఇవి ఇతర రాష్ట్రములకు వ్యాపించినవి. ఇప్పుడు వీటిని వైకల్యము గలవారి కొరకైన జాతీయ కెరీర్ సర్వీస్ కేంద్రములని పిలుచుచున్నారు. పెద్దవారికి వి.ఆర్.సి. అంటేనే గుర్తు. మన సంఘములున్న ప్రాంతములలో బెంగుళూరు, చెన్నై గిండీ, ముంబయి, భువనేశ్వరు, పుదుచ్చేరి నగరములలో ఈ కేంద్రములున్నవి. ఇక్కడి సేవలకు రుసుము లేదు. మధ్యవర్తి ఎవరైనను డబ్బు అడిగినయెడల ఇయ్యవద్దు.

అక్కడ జరుగు పని ఇది. మొదట పేరు నమోదు చేసికొని, ఇంటి పరిస్థితి, చదువు, ఇష్టములు అడిగి వ్రాసికొందురు. వైద్యుడు శరీరమును, మనస్తత్వ నిపుణుడు గ్రహణశక్తిని పరీక్షింతురు. తరువాత వర్క్‌షాపులో కుట్టుపని, విద్యుత్ పని, కొయ్యపని, కంప్యూటరు మొదలగు విభాగములలో నిజమైన పనినే చేయించి చూతురు. చేతులు ఎంత వేగముగా కదలుచున్నవి, ఎంతసేపు కూర్చుండగలడు, చెప్పినది ఎట్లు గ్రహించుచున్నాడు అని బోధకుడు గమనించును. లోకము పోయిన దానిని లెక్కించును. ఈ పరీక్ష మిగిలిన దానిని లెక్కించును. ఒక కాలు పనిచేయనివానికి రెండు చేతులు, రెండు కన్నులు, జ్ఞాపకము, ఓర్పు మిగిలియున్నవి గదా!

పరీక్ష ముగిసిన పిదప మార్గము నిర్ణయింతురు. కొందరిని నేరుగా ఉద్యోగమునకు సిఫారసు చేయుదురు. కొందరికి అక్కడనే గాని, ఐ.టి.ఐ.లో గాని శిక్షణ ఇప్పింతురు. సొంతముగా దుకాణమో, మరమ్మతు పనియో పెట్టుకొనగోరువారికి రుణము విషయమై దారి చూపుదురు. ఇందుకొరకే 1997లో ఒక జాతీయ ఆర్థిక సంస్థ స్థాపింపబడినది. అది రాష్ట్ర సంస్థల ద్వారాను, బ్యాంకుల ద్వారాను తక్కువ వడ్డీకి అప్పు ఇచ్చును.

పని స్థలములో చిన్న మార్పు చాలుననునది కూడ వీరు నేర్పు సంగతి. కాలితో త్రొక్కు కుట్టుమిషనుకు మోటారు బిగించినయెడల కాళ్లు లేని సహోదరి కుట్టగలదు. గంటకు బదులు దీపము వెలిగించినయెడల వినికిడి లేనివాడు యంత్రము దగ్గర పని చేయగలడు. తెర మీద నున్నది చదివి వినిపించు సాఫ్ట్‌వేరు ఉన్నయెడల చూపు లేనివారు కంప్యూటరు మీద ఉత్తరములు వ్రాయగలరు. అట్టి సాఫ్ట్‌వేరులలో ఎన్.వి.డి.ఎ. అనునది ఉచితముగా దొరకును.

4. చట్టము ఇచ్చిన హక్కులు

1995 చట్టము ఏడు విధముల వైకల్యమును మాత్రమే గుర్తించెను. దాని స్థానములో వచ్చిన 2016 చట్టము 21 విధములను గుర్తించినది. కుష్ఠు నుండి బాగైనవారు, యాసిడ్ దాడికి గురియైనవారు, మానసిక రోగము గలవారు, ఆటిజము గలవారు కూడ అందులో నున్నారు. నూటికి 40 పాళ్లకు తక్కువ కాని వైకల్యము గలవారికి ప్రభుత్వ ఉద్యోగములలో నూటికి 4 స్థానములు కేటాయింపబడినవి. ఉద్యోగములో ఉండగా వైకల్యము వచ్చినదని ప్రభుత్వ సంస్థ తన ఉద్యోగిని తొలగించుట తగదు. ఆ పని చేయలేనియెడల అదే జీతముతో వేరొక పని చూపవలెను.

కర్మాగారములలో ప్రమాదము వలన చేయియో, కాలో పోగొట్టుకొన్నవారు మన సంఘములలో ఉన్నారు. ఈ.ఎస్.ఐ. కార్డు గలవారికి వైకల్య భత్యమే గాక, వృత్తి పునరావాస శిక్షణ కాలములో భత్యము కూడ కలదు. భత్యము తెచ్చుకొని ఇంటికి వచ్చువారు ఈ రెండవదానిని అడుగుట అరుదు. అడుగవలెను.

5. పరదేశమున నున్న మనకు ముఖ్యమైన మాట

మనలో కొందరి తాతలు గనులకు, కొందరి తాతలు రైల్వేకు, కొందరి తాతలు మిల్లులకు వచ్చిరి. మూడు తరములు గడచినను వైకల్య ధ్రువపత్రము కొరకు సొంతవూరికి పోవలెనని తలంచువారు ఇంకను ఉన్నారు. చేతిలో డబ్బు లేక, ప్రయాణము చేయలేక, పత్రమే లేకుండ ఆగిపోవుచున్నారు. ఇది అనవసరము. మీరు నివసించు జిల్లాలోనే, లేక చికిత్స పొందుచున్న ప్రభుత్వ ఆసుపత్రిలోనే దరఖాస్తు పెట్టవచ్చును. ఆ పత్రము దేశమంతట చెల్లునని 2016 చట్టమే చెప్పుచున్నది. యు.డి.ఐ.డి. అను గుర్తింపు కార్డుకును దీనితోనే దరఖాస్తు చేయవలెను. నివాస రుజువు, ఫోటో, ఆధార్ సిద్ధము చేసికొనవలెను.

రెండవ అడ్డు భాష. దరఖాస్తులు కన్నడములోనో, తమిళములోనో, ఒడియాలోనో, మరాఠీలోనో ఉండును. తల్లిదండ్రులకు తెలుగు తప్ప చదువ రాదు. మన యౌవనస్థులకైతే ఆ భాష బడిలోనే వచ్చినది. వారు ఒక పూట వెచ్చించి ఫారము నింపినయెడల, అది కప్పు విప్పిన నలుగురి పనియే.

మూడవది దూరము. యానాము పుదుచ్చేరి పాలనలోనిదైనను పుదుచ్చేరి నగరము ఎంతో దూరము. ఇట్టివారు ధ్రువపత్రము తమ ఊరిలోనే ముగించుకొని, కేంద్రమునకు ముందుగా ఉత్తరమో, ఫోనో చేసి ఏ దినము రావలెనో తెలిసికొని బయలుదేరుట మేలు. కృత్రిమ అవయవములు, చికిత్స కొరకు ఒడిశావారికి కటకము దగ్గర ఓలత్‌పూరులోని జాతీయ సంస్థ, ముంబయివారికి హాజీ అలీ దగ్గరి అఖిల భారత సంస్థ, చెన్నైవారికి ముట్టుకాడులోని బహుళ వైకల్య సంస్థ అందుబాటులో నున్నవి. మానసిక రోగము నుండి కోలుకొనుచున్నవారికి బెంగుళూరు నిమ్హాన్స్‌లో పునరావాస విభాగము కలదు.

పని దొరికితే పింఛను పోవునేమోనని భయపడువారు కలరు. ఈ నియమము రాష్ట్రమును బట్టి మారును. వదంతులు నమ్మక, మీ జిల్లా వికలాంగుల సంక్షేమ కార్యాలయములో అడిగి తెలిసికొనుడి.

6. మంచమునకు నాలుగు మూలలు

ఆ నలుగురిలో ఏ ఒక్కడు వదలినను మంచము ఒరిగిపోయెడిది. కనుక సంఘములో పనిని ఇట్లు పంచుకొందము.

మొదటి మూల కాపరియు డీకన్లును. సంఘములో ఇంటింటికి వెళ్లి, వైకల్యము గలవారి పేర్లు, వయస్సు, చదువు, ధ్రువపత్రము ఉన్నదో లేదో వ్రాసికొనవలెను. వారిని వైకల్యముతో గాక పేరుతో పిలుచుట అప్పుడే మొదలుపెట్టవలెను. రెండవ మూల యౌవనస్థుల సమాజము. ఫారములు నింపుట, కార్యాలయమునకు తోడు వెళ్లుట వారి వంతు. మూడవ మూల స్త్రీల సమాజము. ఆడపిల్లను దూరము పంపుటకు తల్లి భయపడును. ఆమెతో కూర్చుండి మాట్లాడుటకును, శిక్షణ దినములలో తోడుగా నుండుటకును అక్కలే తగినవారు. నాలుగవ మూల పని ఇయ్యగల సభ్యులు. దుకాణము, ప్రెస్సు, బడి, కాంట్రాక్టు పని గలవారు తమ యొద్ద ఒక్క స్థానము చూడవలెను. జాలితో ఇచ్చు జీతము వద్దు. పనికి తగిన జీతము, జీతమునకు తగిన పని ఇయ్యవలెను.

బీదల నిధిలో కొంత భాగమును ప్రయాణ ఖర్చులకు, పనిముట్లకు ప్రత్యేకించుట మంచిది. నెలకొక బియ్యపు సంచి నెలతో అయిపోవును. కుట్టుమిషనుకు బిగించిన మోటారు సంవత్సరముల తరబడి అన్నము పెట్టును. అయితే పని చేయుటకు ఏ మాత్రమును వీలు లేనివారు కూడ మన మధ్య నున్నారు. వారి విలువ సంపాదనలో లేదు. మెఫీబోషెతు దావీదు బల్ల యొద్ద కూర్చుండుటకు ఏ పనియు చేసి చూపలేదు. వారికి మన బల్ల యొద్ద చోటు ఎన్నటికిని ఉండవలెను.

చర్చించుటకు ప్రశ్నలు

1. అపొస్తలుల కార్యములు 3లో మోసినవారికిని, మార్కు 2లో మోసినవారికిని భేదమేమి? మన సంఘము ఎవరిని పోలియున్నది?
2. మన సంఘములో వైకల్యము గలవారు ఎందరు? వారిలో ధ్రువపత్రము గలవారు ఎందరు? పని గలవారు ఎందరు?
3. 2 థెస్సలొనీకయులకు 3:10లో ఇష్టము లేకపోవుటకును, అవకాశము లేకపోవుటకును మధ్య నున్న భేదమును వివరించుడి.
4. మన ఆలయపు మెట్లు, బల్లలు, బాప్తిస్మపు తొట్టి చక్రముల కుర్చీలో వచ్చువారికి అనుకూలముగా ఉన్నవా?
5. వచ్చు మూడు నెలలలో మనము తోడుగా వెళ్లి కేంద్రమునకు చేర్చగల ఒక్కరు ఎవరు?

ప్రార్థనాంశములు: ఇంటిలో దాచబడిన బిడ్డల కొరకు, ప్రమాదములలో అవయవములు పోగొట్టుకొని నిరుత్సాహపడిన కార్మికుల కొరకు, కేంద్రములలో పనిచేయు బోధకులు, వైద్యుల కొరకు, పని ఇయ్యగల సభ్యుల హృదయములు తెరువబడుట కొరకు.

5వ ప్రశ్నకు జవాబుగా ఒక పేరు వ్రాసిన తరువాతనే ఈ పాఠమును ముగింపవలెనని కోరుచున్నాము.