మార్చి 5 మే 3 అయిన కథ: డేటాబేస్‌కి తేదీ పంపడం ఎలా?

ఈసారి చాలా చిన్న విషయం. అప్లికేషన్ కోడ్ నుంచి డేటాబేస్‌కి తేదీని ఎలా పంపాలి? "ఇదీ ఒక పాఠమేనా?" అని మీలో సీనియర్లు నవ్వుకోవచ్చు. ఒకప్పుడు నేనూ అలా నవ్వుకున్నవాడినే.

కొన్నేళ్ళ క్రితం ఖతర్‌లో, దోహాలోని అల్ ముంతజాలో ఒక చిన్న ఆఫీసుకి కన్సల్టెంటుగా పనిచేశాను. కార్మికుల రెసిడెన్స్ పర్మిట్లు ఎప్పుడు ముగుస్తాయో చూపించే ప్రోగ్రాం వాళ్ళది. ఆ జాబితా చూసుకునే మందూబ్ రెన్యూవల్ పనులు మొదలుపెట్టేవాడు. కోడ్ హైదరాబాద్‌లో రాశారు, డేటాబేస్ ఎస్‌క్యూఎల్ సర్వర్. గడువు తేదీని రోజు/నెల/సంవత్సరం వరుసలో స్ట్రింగ్‌గా తీసుకుని, కోట్స్ మధ్య పెట్టి, క్వెరీకి అతికించేవారు.

హైదరాబాద్‌లో అంతా బాగానే నడిచింది. దోహాలో మాత్రం కొన్ని తేదీలకి ఎర్రర్లు వచ్చాయి. కారణం ఇదీ: అలాంటి స్ట్రింగ్‌ని ఏ వరుసలో చదవాలో ఎస్‌క్యూఎల్ సర్వర్ లాగిన్ భాషను బట్టి నిర్ణయిస్తుంది. బ్రిటిష్ ఇంగ్లీష్ అయితే రోజు ముందు, అమెరికన్ అయితే నెల ముందు. హైదరాబాద్ లాగిన్ మొదటి రకం, దోహా లాగిన్ రెండో రకం.

అప్పుడు నేను చేసిన ఘనకార్యం వినండి. ఎర్రర్ వస్తే రోజునీ నెలనీ తారుమారు చేసి మళ్ళీ పంపేలా నాలుగు లైన్లు రాశాను. ఎర్రర్లు మాయమయ్యాయి. అందరూ మెచ్చుకున్నారు.

లెక్క వేసి చూడండి. రోజు 12 దాటిన తేదీలు ఏడాదికి 221. నెల 13 అనేది ఉండదు కనుక వీటికి ఎర్రర్ వస్తుంది, నా కోడ్ సరిచేస్తుంది. మిగిలినవి 144. వాటిలో 04/04 లాంటి 12 ఎలా చదివినా ఒకటే. ఇక 132 తేదీలు ఏ ఎర్రరూ లేకుండా తప్పుగా నమోదవుతాయి. అంటే ఏడాదిలో మూడో వంతుకి పైగా!

ఆ 132లో ఒకటి జగిత్యాల వైపు నుంచి వచ్చిన ఒక కార్మికుడిది. ఆయన గడువు 05/03, అంటే మార్చి 5. డేటాబేస్‌లో పడింది మే 3. ఫిబ్రవరిలోనే వచ్చి అడిగాడట. "కంప్యూటర్‌లో మే దాకా ఉంది" అని పంపించేశారు. మార్చి నెల మధ్యలో కూతురి కాలేజీ ఫీజుకని డబ్బు పంపబోతే కౌంటర్‌లో కార్డు చెల్లదన్నారు. ఆఫీసుకొచ్చి నాతో ఒకటే మాట అన్నాడు. "సార్, నా కార్డు మీద మార్చి అనే ఉన్నది. మీ కంప్యూటర్ మే అంటది. ఏది నమ్మాలె?" నా దగ్గర జవాబు లేదు.

సరే, ఇక పాఠానికి వద్దాం.

మొదటిది: వాడుకరి ఇచ్చిన స్ట్రింగ్‌ని లోపలికి వచ్చిన చోటే, ఫార్మాట్ స్పష్టంగా చెప్పి, తేదీ రకానికి మార్చండి. కుదరకపోతే తిప్పి పంపండి. నాలాగా ఊహించకండి.

రెండోది: డేటాబేస్‌కి తేదీని తేదీగానే, పారామీటర్‌గా పంపండి. జావాలో ప్రిపేర్డ్ స్టేట్‌మెంట్ ఉంది. 2014లో వచ్చిన జావా 8 నుంచి లోకల్‌డేట్ కూడా ఉంది. సీ షార్ప్‌లో ఎస్‌క్యూఎల్ పారామీటర్‌కి డేట్ రకం ఇవ్వండి. ఇక లాగిన్ భాష ఏదైనా భయం లేదు. ఒరాకిల్‌లోనూ ఇదే మందు, అక్కడ ఫార్మాట్ సెషన్ సెట్టింగ్‌ని బట్టి మారుతుంది. ఎస్‌క్యూఎల్ ఇంజెక్షన్ నుంచి రక్షణ అదనపు లాభం.

మూడోది: ఎస్‌క్యూఎల్ సర్వర్‌లో తేదీని చేత్తో రాయక తప్పకపోతే 20250305 లాగా ఎనిమిది అంకెలు కలిపి రాయండి. మధ్యలో గీతలు పెట్టి 2025-03-05 అని రాస్తే పాత డేట్‌టైమ్ రకం బ్రిటిష్ లాగిన్‌లో దాన్ని మే 3గా చదువుతుంది. 2008 వెర్షన్‌లో వచ్చిన డేట్ రకానికి ఈ జబ్బు లేదు.

నాలుగోది: గడువు తేదీకి గంటలు తగిలించకండి. దోహాలో మార్చి 5 అర్ధరాత్రి 12 గంటలంటే యూటీసీలో మార్చి 4 రాత్రి 9 గంటలు. సర్వర్ యూటీసీకి మారితే ఒక రోజు ఎగిరిపోతుంది. అమెరికాలో ఉన్నవాళ్ళకి ఇది కొత్త కాదు. ఇండియాలో పండగ ఒకరోజు, అక్కడ ఇంకోరోజు రావడం చూస్తూనే ఉంటారు.

ఐదోది: నెల మొత్తం రికార్డులు కావాలంటే "మార్చి 1 లేదా ఆ తర్వాత, ఏప్రిల్ 1 కంటే ముందు" అని అడగండి. చివరి క్షణం 23:59:59.999 అని రాస్తే డేట్‌టైమ్ రకం దాన్ని ఏప్రిల్ 1గా రౌండ్ చేస్తుంది.

కోడ్ మార్చడానికి నాకు ఒక పూట పట్టింది. కానీ అప్పటికే తప్పుగా పడిన తేదీల్ని ఏ కోడ్ కనిపెట్టగలదు? మే 3 అని ఉన్నది నిజంగా మే 3 కావచ్చు, మార్చి 5 కావచ్చు. రోజు 12 లోపు ఉన్న రికార్డులన్నీ ప్రింట్ తీసి, మందూబ్, నేను ఒక్కొక్క కార్డు పక్కన పెట్టుకుని సరిచూశాం. ముందుగా రెన్యూవల్‌కి వెళ్ళింది ఆ జగిత్యాల ఆయన కార్డే.

ఎర్రర్ వస్తే విసుక్కుంటాం గానీ, ఆ ఎర్రరే మన మేలు కోరేది. దాని నోరు నొక్కేముందు అది ఏం చెబుతోందో ఒకసారి వినండి. మీ ప్రాజెక్టులో కోట్స్ మధ్య అతికించిన తేదీలు ఎన్ని ఉన్నాయో ఈ వారమే వెతికి చూడండి.