నాణెం అందం కంటికా, చేతికా?

ఫోను చూపించి టీ తాగే ఈ రోజుల్లో నాణేల మీద వ్యాసమేమిటని మిత్రులు నవ్వవచ్చు. కాని నాణేలు పోగుచేసే అలవాటున్న వాళ్లు నలుగురు ఒకచోట చేరారంటే ఒక తగాదా తప్పదు. పాత నాణేలకున్న అందం కొత్తవాటికి ఉందా, లేదా? పెద్దలు చాలామంది పాతపక్షం. మా ఈడు కుర్రవాళ్లు కొందరు కొత్తపక్షం. ఎవరి మాటలో ఎంత సబబుందో ఒక సైన్సు విద్యార్థిగా నాకు తోచినంత చెప్పడమే ఈ వ్యాసం ఉద్దేశం.

ముందు పాతపక్షం వాదన విందాం. సముద్రగుప్తుని బంగారు నాణేల్లో ఒక రకం మీద ఆ చక్రవర్తి కత్తి పట్టుకొని కాదు, వీణ వాయిస్తూ కూర్చున్నాడు. పదహారు వందల ఏళ్లు దాటినా ఆ కూర్చున్న ఠీవి చెక్కుచెదరలేదు. శాతవాహనుల సీసపు నాణేల మీద రెండు తెరచాప కొయ్యలున్న ఓడ ఉంది. ఆనాడు మన తూర్పుతీరంలో సముద్ర వర్తకం సాగిందనడానికి చరిత్రకారులు ఆ ఓడనే సాక్ష్యంగా చూపిస్తారు. హైదరాబాదు సంస్థానపు హాలీ రూపాయి మీద చార్మినారు ఉంటుంది. దాని ద్వారంలో పాలకుని పేరులోని మొదటి అక్షరం ఉంటుంది. మహబూబ్ అలీఖాన్ కాలంలో అది ‘మీమ్’, ఉస్మాన్ అలీఖాన్ కాలంలో ‘ఐన్’. ఇక 1947 నాటి నికెల్ రూపాయి మీది పులి అంటే పాతపక్షం వారికి ప్రాణం. “నాణెం అరచేతిలో పెడితే దేశం కనబడాలి. 2007లో వచ్చిన రూపాయి మీద ఏముందయ్యా? ఒక అంకె, ఒక బొటనవేలు!” అని వాళ్ల బాధ.

ఈ బాధలో నిజం లేకపోలేదు. అయితే కొత్త నాణెం మీద బొమ్మ పైపైన తేలిపోవడానికి కారణం కళాకారుడు ఒక్కడే కాదు, లోహం కూడా. పాత వెండి రూపాయి బరువు 11.66 గ్రాములు, అంటే సరిగ్గా తులం. అందులో పన్నెండు పాళ్లకు పదకొండు పాళ్లు వెండి. వెండి మెత్తని లోహం. అచ్చు దిగగానే ఆ లోతుల్లోకి ఒదిగిపోతుంది. ఇప్పటి రూపాయి క్రోమియం కలిసిన స్టెయిన్‌లెస్ స్టీలు. అది అంత సులువుగా లొంగదు. లోతైన బొమ్మ కావాలంటే ఒత్తిడి పెంచాలి. ఒత్తిడి పెంచితే అచ్చులు తొందరగా పగులుతాయి, అరుగుతాయి. కోట్ల సంఖ్యలో నాణేలు వేసే టంకశాలకు అది గిట్టుబాటు కాదు.

మరి వెండినే ఎందుకు ఉంచుకోలేదంటారా? యుద్ధకాలంలో, 1940లో, వెండి పాలు సగానికి తగ్గించారు. 1947 నాటికి రూపాయిలో వెండే లేదు. నాణెం మీద రాసిన విలువ కంటే అందులోని లోహం ఖరీదు ఎక్కువైతే ఆ నాణెం బజారులో నిలవదు, కొలిమికి పోతుంది. ఎవరైనా ఒక చిన్న ప్రయోగం చేసి చూడవచ్చు. 1980ల నాటి రాగి-నికెల్ రూపాయి దగ్గర అయస్కాంతం పెడితే అంటుకోదు. బొటనవేలి రూపాయి టక్కున అంటుకుంటుంది. లోహం మారింది, దానితోపాటు బొమ్మా మారింది.

అంతమాత్రాన నేను కొత్తపక్షంలో చేరిపోయానని అనుకోవద్దు. నా ఫిర్యాదు వేరు. ఇరుపక్షాల వాళ్లూ నాణేన్ని భూతద్దంతోనే చూస్తున్నారు. నాణెం బతికేది గాజు పెట్టెలో కాదు, చేతుల్లో.

1957 ఏప్రిల్ 1న దశాంశ నాణేలు వచ్చినప్పుడు ఒక పైసా గుండ్రంగా, రెండు పైసలు అలల అంచుతో, అయిదు పైసలు నలుపలకగా వేశారు. చదువు రాకపోయినా, చీకట్లో అయినా, తడిమితే తెలిసేది. తరువాత ఆ తెలివి కొంతకాలం మరుగున పడింది. 2007 నాటి రూపాయి వెడల్పు 25 మిల్లీమీటర్లు, బరువు 4.85 గ్రాములు. 2011లో వచ్చిన రెండు రూపాయల బిళ్లకూ అదే వెడల్పు, అదే బరువు. లోహం కూడా స్టీలే!

మాది వ్యవసాయ కుటుంబం. మా నాయనమ్మ వారం వారం సంతలో వంకాయలు, దొండకాయలు అమ్ముతుంది. కళ్లకు శుక్లాలు. ఇంటికొచ్చి కొంగుముడి విప్పి, “ఒరేయ్, ఇందులో రూపాయలెన్ని, రెండ్లెన్ని చూడరా. అయిదు పైసల బిళ్ల అయితే నేనే చెప్పేదాన్ని” అంటుంది. రెండివ్వాల్సిన చోట ఒకటిచ్చి జారుకునేవాళ్లు సంతలో ఉండనే ఉంటారు. రూపాయే కదా అని మనం అనుకోవచ్చు. కాని గంపెడు కూరగాయలకు అలాంటి రూపాయలు ఎన్నో లెక్కవేస్తే, ఆ రోజు ఆమె ఆటో ఖర్చు అందులోనే పోతుంది. నాణెం రూపురేఖల్లో లోపం ఉంటే అది మొదట తగిలేది ఇలాంటి వాళ్లకే.

ఈ లెక్కన చూస్తే 2019 మార్చిలో విడుదలైన నాణేలను మెచ్చుకోవాలి. చూపు లేనివారిని దృష్టిలో పెట్టుకొని చేసిన వరుస అది. అందులో రూపాయి నుంచి పది రూపాయల దాకా విలువ పెరిగిన కొద్దీ సైజు పెరుగుతుంది. ఇరవై రూపాయల బిళ్లకు పన్నెండు అంచులు. దాని మీద ధాన్యపు కంకులు కూడా ఉన్నాయి. 1950లో అణాల వరుస వచ్చినప్పుడు రూపాయి మీద పులి పోయి కంకులు వచ్చాయి. పులి పోయిందని పెద్దలు ఇప్పటికీ చింతిస్తారు. రైతుబిడ్డను కనుక నాకు ఆ చింత లేదు.

కొత్తగా నాణేలు పోగుచేయదలచిన తమ్ముళ్లకు, చెల్లెళ్లకు రెండు మాటలు. నాణెం మీద సంవత్సరం కింద చూడండి. చుక్కగుర్తు, అంటే నక్షత్రం, ఉంటే అది మన హైదరాబాదు టంకశాలది. వజ్రం గుర్తు ముంబయిది, చిన్న బిందువు నోయిడాది, ఏ గుర్తూ లేకపోతే కోల్‌కతాది. రెండో మాట: పాత నాణేన్ని చింతపండుతో తోమకండి. ఆమ్లం మురికినే కాదు, పై పొరనూ తినేస్తుంది. సెలవుల్లో వీలైతే హైదరాబాదు సైఫాబాదులో 2022లో తెరిచిన టంకశాల మ్యూజియం చూసి రండి.

నాణెం మీద దేశం కనబడాలన్న పెద్దల మాటను నేను కాదనను. దానికి ఒక్క మాట చేరుస్తాను. చూపు ఆనని వాళ్ల వేళ్లకు కూడా దాని విలువ తెలియాలి. ఆ రెండూ కుదిరిననాడు పాతపక్షం, కొత్తపక్షం అని మనం చీలవలసిన పని ఉండదు.