నజ్లా, జుకాము, ఇంటి వైద్యము

వానలు వెనుకబట్టి చలి మొదలగు దినములలోను, మరల చలి పోయి ఎండ ముదురు దినములలోను మమ్ము చూడవచ్చు పూర్వవిద్యార్థులు కొందరు ముక్కు తుడుచుకొనుచునే మాటలాడుదురు. వీరిలో పెక్కురు మాదాపూరు, గచ్చిబౌలి, కొండాపూరుల కంప్యూటర్ కంపెనీలలో ఉద్యోగులు. 1998 నవంబరులో సైబర్ టవర్స్ ప్రారంభమైన నాటికి ఆ ప్రాంతము చాలవరకు రాళ్ళగుట్టలు, తుప్పలు గల నేల. నేడచ్చట అద్దాల మేడలు లేచినవి. కాని మేడకును మేడకును నడుమ మిగిలిన ఖాళీ స్థలములలో వయ్యారిభామ తెల్లగా పూయుచునే యున్నది. బయట దాని పుప్పొడి, కట్టడముల ధూళి. లోపల కిటికీ తెరువని చల్లని గదులు, తివాచీలలో కంటికానని ధూళిపురుగులు.

ఈ జలుబు ఒకరినుండి ఒకరికి అంటునది కాదు. జ్వరముండదు. తుమ్ములు వరుసగా వచ్చును, కండ్లు దురదపెట్టును, ముక్కునుండి నీరు కారును, వారములు గడచినను తగ్గదు. హానిలేని పుప్పొడిని శరీరము శత్రువని భ్రమించి హిస్టమిన్ అను పదార్థమును విడుదల చేయుటయే దీనికి కారణము. ఇట్టి స్థితికి అలర్జీ యని 1906లో పేరుపెట్టినవాడు వియన్నా వైద్యుడు పిర్కే.

పేరు కొత్తదైనను వ్యాధి పాతది. యునానీ వైద్యులు నజ్లా, జుకాము అను పేర్లతో జలుబులను వర్ణించిరి. వేయేండ్లకు పూర్వమే అల్ రాజీ, వసంతమున గులాబీలు విరియునపుడు అబూ జైద్ బల్ఖీకి జలుబేల చేయుచున్నదో విచారించుచు ప్రత్యేకముగ ఒక చిన్న గ్రంథమే వ్రాసెను. ఏ ఋతువున, ఏ పూవు వలన అని అడిగిన ఆ ప్రశ్నను మనము మరచి, కషాయమును మాత్రము పట్టుకొని కూర్చున్నామని మా అభిప్రాయము.

కషాయము వ్యర్థమని కాదు. ఉన్నాబ్, బనఫ్షా, ములేఠీ వేసి మరిగించిన జోషాందా గొంతునకు హాయినిచ్చును. కాని ములేఠీ, అనగా మన అతిమధురము, దినముల తరబడి మిక్కుటముగా త్రాగినచో రక్తపోటును పెంచును. రక్తపోటు గల పెద్దలకు పిల్లలు ప్రేమతో కాచి యిచ్చునపుడు ఈ సంగతి గుర్తుండవలెను. 1920 నుండి హైదరాబాదు ఇండ్లలో చిరపరిచితమైన జిందా తిలిస్మాత్ మాటయు చెప్పవలెను. నీలగిరి తైలపు ఘాటునకు ముక్కు తెరచుకొన్నట్లు తోచును. లోపలి వాపు తగ్గుట వేరు. తేనెను గూర్చి చాలమంది అడుగుదురు. తేనెటీగ వ్రాలునది రంగుపూవులపై. మనలను బాధించు పుప్పొడిలో పెక్కుభాగము గాలిలో ఎగురునది. కావున తేనె గొంతునకు మంచిదే గాని అలర్జీకి విరుగుడు కాదు. ఏడాది నిండని శిశువులకు అసలే పెట్టరాదు.

బాబూనా విషయము ఇంకను సూక్ష్మమైనది. జలుబునకు మంచిదని దాని పూలను మరిగించి త్రాగువారు, ఆవిరి పట్టువారు కలరు. బాబూనా, వయ్యారిభామ, పొద్దుతిరుగుడు ఒకే కుటుంబమునకు చెందిన మొక్కలు. ఒకదాని పుప్పొడి పడనివారికి మరొకటియు పడకపోవచ్చును. మందనుకొని త్రాగినదే తుమ్ములు పెంచు సందర్భమిది.

పెరుగు, అరటిపండు మానుమని ఇండ్లలో అందురు. అందరును మానవలసిన పని లేదు. వంకాయో ఖర్బూజాయో తిన్నంతనే నోరు దురదపెట్టువారు ఆ ఒక్కదానిని మానిన చాలును.

మా దృష్టిలో ఇంటి వైద్యములన్నిటిలో మేలైనది ఉప్పునీటితో ముక్కు కడుగుట. వుజూలో ముక్కున నీరు పెట్టి శుభ్రపరచు అలవాటు మనకు కలదు. అయితే చికిత్సకై లోపలివరకు కడుగునపుడు కాచి చల్లార్చిన నీరే వాడవలెను. కరాచీ నగరమున కొళాయినీటిలోని అమీబా ముక్కు ద్వారా మెదడునకు చేరి కొందరు మరణించిరి.

ఇంతవరకు ముక్కు సంగతి. పిల్లికూతలు మొదలైనచో కథ మారును. ఏటేటా మృగశిర కార్తె ప్రవేశించునాడు నాంపల్లి ఎగ్జిబిషన్ మైదానమున బత్తిని కుటుంబమువారు పంచు చేపమందునకు వేలమంది ఉబ్బసరోగులు వచ్చుచుందురు. వారి విశ్వాసమును మేము తూలనాడము. కాని అది రోగమును కుదుర్చునని శాస్త్రీయముగ నిరూపింపబడలేదు. దానిని నమ్మి ఇన్‌హేలరును మానుట ప్రాణాపాయము.

గచ్చిబౌలిలో రాత్రి షిఫ్టు చేయు మా శిష్యుడొకడు రెండు నెలలు జోషాందాతోనే నెట్టుకొనివచ్చెను. ఇన్‌హేలరు అలవాటైపోవునని, పెండ్లి సంబంధములు తప్పిపోవునని ఇంటివారి భయము. ఒక రాత్రి మాట పూర్తిచేయుటకు ఊపిరి చాలక సహోద్యోగులు ఆస్పత్రికి చేర్చిరి. ఇన్‌హేలరులోని మందు మైక్రోగ్రాముల లెక్కన నేరుగా ఊపిరితిత్తులకే పోవునని, అది వ్యసనము కాదని వైద్యుడు తల్లికి విడమరచి చెప్పిన తరువాత గాని ఆమె ఒప్పుకొనలేదు. మొన్న కనబడినపుడు అతని జేబులో ఇన్‌హేలరున్నది. రాత్రి అమ్మ కాచిన జోషాందాను కూడ త్రాగుచునే యున్నానని నవ్వుచు చెప్పెను.