కార్టూన్లలో వినిపించే ఇంటి ఇంగ్లీషు



గ్రామరు కంఠస్థం చేసినవాళ్ళు కూడా ఇంగ్లండు వాళ్ళ పిల్లల కార్టూను చూసి తెల్లమొహం వేస్తారు. 'డిగ్రీ చదివాం, అయిదేళ్ళ పిల్లల బొమ్మలు అర్థం కావా?' అని సిగ్గుపడతారు. సిగ్గు అక్కరలేదు. పాఠ్యపుస్తకం నేర్పేది బడి ఇంగ్లీషు. కార్టూనులో ఉండేది ఇంటి ఇంగ్లీషు. అన్నం పెట్టేటప్పుడు, అలిగినప్పుడు, జ్వరం వచ్చినప్పుడు తల్లి పిల్లలతో మాట్లాడే భాష అది. అది మన ఇళ్ళలో లేదు కనుక విడిగా నేర్చుకోవాలి.

కొన్ని ఉదాహరణలు చూద్దాం.

1. క్రాస్: 1984లో మొదలైన 'థామస్ ద ట్యాంక్ ఇంజిన్' సీరియల్లో రైలింజన్లు తరచూ 'క్రాస్' అవుతాయి. పట్టాలు దాటడం కాదు, కోపం తెచ్చుకోవడం.

2. పూర్లీ: 'పూర్' ఉంది కదా అని బీదతనం అనుకోవద్దు. ఒంట్లో బాగోలేదని అర్థం.

3. టీ: చాలా ఇళ్ళలో, ముఖ్యంగా ఉత్తర ఇంగ్లండులో, సాయంత్రం భోజనాన్ని 'టీ' అంటారు. టీకి చేపలు, బంగాళాదుంపలు తిన్నారంటే ఆశ్చర్యపడకండి.

4. వెల్లీస్: 2004లో మొదలైన 'పెప్పా పిగ్'లో బురదగుంటల్లో గెంతడానికి వేసుకునే బూట్లు. మనం గంబూట్లు అంటాం. పూర్తి పేరు వెల్లింగ్టన్ బూట్లు. 1815లో వాటర్లూ వద్ద నెపోలియన్‌ను ఓడించిన వెల్లింగ్టన్ డ్యూక్ పేరు మీద వచ్చింది. ఈయనే 1803లో మన దేశంలో అస్సాయే యుద్ధం గెలిచిన ఆర్థర్ వెల్లెస్లీ. హిస్టరీ విద్యార్థులు గుర్తుంచుకోండి.

5. ప్యాంట్స్: బ్రిటన్‌లో ఈ మాటకు లోదుస్తులని అర్థం. మనం వేసుకునేవి అక్కడ ట్రౌజర్స్. 1993లో వచ్చిన 'ద రాంగ్ ట్రౌజర్స్' అనే బొమ్మల సినిమా పేరులో ఆ మాటే ఉంది.

ఇక ధైర్యం కలిగించే విషయం. లారీ, టార్చి, బిస్కెట్, పెట్రోలు, చెరిపే రబ్బరు – ఇవన్నీ బ్రిటిష్ మాటలే. అమెరికాలో ట్రక్కు, ఫ్లాష్‌లైట్, కుకీ, గ్యాస్, ఇరేజర్ అంటారు. హాస్టలుకు మనం మోసుకొచ్చే ట్రంకు అమెరికాలో కారు డిక్కీ పేరు. బ్రిటన్‌లో ఆ డిక్కీయే 'బూట్'! పెప్పా పిగ్ చూసి అమెరికా పిల్లలు బ్రిటిష్ మాటలు పలుకుతున్నారని 2021లో పత్రికలు రాశాయి. అక్కడి పిల్లలకు కొత్తయిన మాటలు కొన్ని మన అమ్మమ్మల నోట ఎప్పటినుంచో ఉన్నాయి.

నేర్చుకునే పద్ధతి:

అ) మాట తెలియకపోతే ముందు సన్నివేశం చూడండి. ఎవరు, ఎవరితో, ఏ ముఖంతో అన్నారు? తర్వాత ఏం జరిగింది?

ఆ) ఒంటి మాట కాక పూర్తి వాక్యం రాసుకోండి.

ఇ) మీ ఊహ రాసుకున్నాకే డిక్షనరీ తెరవండి. 'బ్రిటిష్', 'ఇన్ఫార్మల్' అన్న గుర్తులున్న అర్థం చూడండి.

'చెవిలో పువ్వు పెట్టాడు' అని వింటే ఇంగ్లండు ప్రొఫెసరు కూడా పువ్వు కోసమే వెతుకుతాడు. అంతమాత్రాన ఆయనకు తెలివి లేదంటామా?

మా ఇంట్లో డిగ్రీ పాసైన మొదటి మనిషిని నేనే. మీలో చాలామందిదీ అదే పరిస్థితి. ఇంట్లో అడగడానికి ఎవరూ లేని మనకు అయిదు నిమిషాల కార్టూను కూడా ఒక మేష్టారే. రోజుకొకటి చూడండి, రెండు మాటలు రాయండి. ఇంగ్లీషు రానంతమాత్రాన తెలివి లేదనే మాట మాత్రం ఎవరన్నా నమ్మకండి.